గాడిదపిల్ల కడుపులో చీర

"శుక్రవారం నువ్వు ముందరికి రావద్దు ఎస్తేరూ. వెనక బట్టలుతికే కాడ ఉండు. కారు పోయినాక వద్దువు."

పంకజాక్షి మేడం ఈ మాట ఫైలులోంచి తల ఎత్తకుండా చెప్పింది. తల ఎత్తి చెప్పగలిగే మాట కాదని ఆమెకూ తెలుసు. చిత్తూరులోని ఆ పిల్లల హోముకు ఆమె సూపరింటెండెంటు. ఎస్తేరు అందులో ఆయా.

మోహన ఎస్తేరు చంకలో ఉంది. రెండేళ్ళ నాలుగు నెలల పిల్ల. ఎస్తేరు జాకెట్టు చేతి అంచును గుప్పిట్లో ఇరికించుకుని, మేడం బల్ల మీది గాజుగుండులోని రంగుల్ని చూస్తోంది. పుట్టిన నాలుగో రోజున హోముకు వచ్చింది. ఆనాటినుంచి ఆ చంక దిగి ఉన్నది తక్కువ.

"వాళ్ళు గురువారమే వస్తారా మేడం?"

"గురువారం పొద్దున. బళ్ళారి నుంచి. ఆయన గుణశేఖర్, ఆమె లోకేశ్వరి. మనోళ్ళేలే, మదనపల్లె నుంచి పోయి ఆడ జీన్సు ప్యాంట్లు కుట్టించే పని పెట్టుకోనుండారు. ఆ దినమంతా పిల్లతో గడుపుతారు. శుక్రవారం దత్తత కాయితాల మీద సంతకాలైనాక తీసకపోతారు." పంకజాక్షి పేజీ తిప్పింది. "వాళ్ళ ఫోటోల ఆల్బం ఇచ్చినా కదా, దినమూ చూపిస్తా ఉండావా?"

"చూపిస్తానే ఉండా."

"అమ్మ యాడ అంటే ఎవర్ని చూపిస్తాది?"

జవాబు మోహనే చెప్పింది. అమ్మ అన్న మాట చెవిన పడగానే తల తిప్పి ఎస్తేరు గడ్డం పట్టుకుంది.

పంకజాక్షి కలం కింద పెట్టింది. "సూడు, నేను రాక్షసిని కాదు. పోయినేడు ఇట్లనే ఒక పిల్లోడు పోయినాడే, మూడు దినాలు అన్నం ముట్టలేదు. ఆ కొత్త తల్లి ఫోన్లో ఏడుస్తా ఉంటే ఏం చెప్పేదో నాకు దిక్కు తోచలేదు. నిన్ను ఎంత పట్టుకోనుంటే పిల్లకు అంత కష్టం. ఇంకమీదట అమ్మా అంటే పలకొద్దు. ఆయమ్మా అంటే పలుకు."

"సరే మేడం."

అన్నదే గాని ఎస్తేరు కదల్లేదు.

"ఇంకేంది?"

"పిల్లకు ఒక బొమ్మ అల్లిస్తా మేడం. ఎంట తీసకపోయేదానికి."

"వాళ్ళు అట్టపెట్టెల నిండా తెస్తారు బొమ్మలు." పంకజాక్షి ఆమె ముఖం చూసి గొంతు తగ్గించింది. "సరే, అల్లు. ఏం బొమ్మ?"

"గాడిదపిల్ల."

పంకజాక్షి కళ్ళజోడు తీసింది. "బిడ్డ కోసం పదేండ్లు కాసుకోనున్నోళ్ళకు గాడిదను ఇస్తామా? కుందేలు చెయ్యి. లేదంటే ఏనుగు చెయ్యి."

"దీనికి గాడిదే ఇష్టం మేడం."

అది నిజం. మునిరామయ్య వారానికి రెండుసార్లు గాడిదను తోలుకుని ఆ వీధిలో పాలమ్మడానికి వస్తాడు. పసిపిల్లలకు మంచిదని ఉగ్గుగిన్నెడు పాలు ఇంటి ముందే పిండించుకునే వాళ్ళు చిత్తూరులో ఇంకా ఉన్నారు. తల్లి గాడిదను అతను ఎవరి గడప ముందో నిలబెట్టి పాలు తీస్తుంటే, వెనక వచ్చిన పిల్ల హోము గేటు దగ్గరికి వచ్చి చువ్వల మధ్య మూతి పెడుతుంది. మోహన నోట్లో అన్నం ముద్ద ఉన్నా సరే, గేటుకు పరిగెత్తుతుంది. దాని మూతి మీద అరచెయ్యి పెట్టి ‘గాదీ’ అంటుంది. మునిరామయ్య గేటు బయట నుంచి నవ్వుతాడు.

ఏకాంబరం కొట్టు బజారు మలుపులో ఉంది. బడిపిల్లల స్వెట్టర్ల ఊలు, జాకెట్లకు లైనింగు గుడ్డ, బొత్తాలు, జిప్పులు అమ్ముతాడు. మామిడికాయల కాలం. బంగారుపాళ్యం పల్పు ఫ్యాక్టరీలకు పోయే ట్రాక్టర్లు రోడ్డంతా ఆక్రమించుకుని ఉంటే, ఎస్తేరు వాటి సందుల్లోంచి దూరి కొట్టెక్కింది.

"జూన్ నెల్లో ఊలేంది ఎస్తేరమ్మా? చలిజరమా?"

"బొమ్మకు. బూడిదరంగుది ఇయ్యి."

"ఏం బొమ్మ?"

"గాడిద."

ఏకాంబరం ఊలు ఉండలు దించుతూ కొట్టు లోపలికి ఒక చూపు విసిరాడు. "మా ఇంట్లో ఒకడుండాడు. పద్దెనిమిదేండ్లోడు. తీసకపో, ఊలు మిగుల్తాది."

లోపలి నుంచి ఎవరో "నాయనా" అని విసుక్కున్నారు. ఎస్తేరు నవ్వింది. ఆ వారంలో ఆమె నవ్విన నవ్వు అదొక్కటే.

బూడిదరంగు మూడు ఉండలు, మూతికి తెలుపు ఒకటి, జూలుకూ కళ్ళకూ నలుపు. అంటించుకునే గాజుకళ్ళు ఏకాంబరం చూపించాడు గాని ఆమె వద్దంది. "పిల్లోళ్ళు పీకి మింగుతారు. దారంతో కుడతా."

హోములో పిల్లలు పడుకునేది మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి రెండున్నర దాకా. ఎస్తేరుకు దొరికేవి ఆ రెండు గంటలే. సోమవారం ఆమె తొట్లకూ కిటికీకీ మధ్య గోడకు వీపు ఆనించి కూచుని క్రోషా సూది తీసింది.

మూతి దగ్గర మొదలుపెట్టింది. ఊలును వేలికి రెండు చుట్లు చుట్టి, ఆ ఉంగరంలో ఆరు ముడులు వేసింది. కొన లాగితే ఉంగరం బిగుసుకుని మధ్యలో చిల్లి మూసుకుపోయింది. రెండో వరసలో ఒక్కో ముడిలో రెండేసి, పన్నెండు. మూడో వరసకు పద్దెనిమిది. వరస ఎక్కడ మొదలైందో తప్పిపోకుండా ఎర్రదారం ముక్క ఒకటి గుర్తు పెట్టుకుంది. స్వెట్టరైతే కాస్త వదులుగా అల్లినా పోతుంది. బొమ్మకు అలా కుదరదు. సందుల్లోంచి లోపలిది బయటికి కనిపిస్తుంది. బిగించి అల్లాలి. రోజుకు నలభైసార్లు చేతులు కడుక్కునే మందునీళ్ళలో మునిగే వేళ్ళు ఆమెవి. కొనలు పగిలి ఉన్నాయి. ఊలు ఆ పగుళ్ళలో చిక్కుకుని, విడిపించిన ప్రతిసారీ చురుక్కుమంటోంది.

మంగళవారానికి తల అయింది. రెండు చెవులూ అయినాయి.

"ఇంత పొడుగేందక్కా చెవులు?" అంది గ్రేసీ. ఆమె చిన్న ఆయా, హోములో చేరి రెండేళ్ళు. పాలసీసాలు కడిగి వచ్చి ఎస్తేరు పక్కన చతికిలబడింది.

"గాడిద చెవులు అట్లనే ఉంటాయి."

"వాళ్ళు కుందేలనుకుంటారు."

"అనుకోనీ. మోహనకు తెలుసు."

గ్రేసీ ఒక చెవిని వేలికి తొడుక్కుని ఆడించింది. "మా ఆయనకు చూపిస్తే అద్దమనుకుంటాడు." నవ్వుతుందేమోనని చూసింది. ఎస్తేరు నవ్వలేదు. గ్రేసీ చెవిని జాగ్రత్తగా తీసి ఒళ్ళో పెట్టింది. "శుక్రవారం సెలవు పెట్టెయ్యి అక్కా. ఈడుంటే నువ్వు తట్టుకోలేవు."

"ఇరవై రెండు, ఇరవై మూడు," అని ఎస్తేరు ముడులు లెక్కపెట్టుకుంది.

తొట్లో మోహన కదిలింది. కళ్ళు నలుపుకుంటూ లేచి కూచుంది.

"అమ్మా."

సూది ఆగింది. ఎస్తేరు తల ఎత్తలేదు.

"అమ్మా."

"ఆయమ్మా అను," అంది ఎస్తేరు ఊలు వైపే చూస్తూ.

పిల్లకు అది కొత్త ఆట అనిపించింది. నవ్వి, "అమ్మా" అని కొంచెం గట్టిగా అంది. మళ్ళీ నవ్వి ఇంకొంచెం గట్టిగా అంది. ఏడెనిమిదిసార్లు పిలిచేసరికి నవ్వు పోయింది. తొట్టి కమ్మి పట్టుకుని నిలబడింది. పిలుస్తున్న మనిషి ఎదురుగానే ఉంది, చెవులున్నాయి, అయినా చూడటం లేదు. కింది పెదవి వణికింది. కానీ ఏడవలేదు. పిలవడమే మానేసి, కమ్మి మీద గడ్డం పెట్టుకుని చూస్తూ ఉండిపోయింది.

"ఎత్తుకోక్కా," అంది గ్రేసీ. "మేడం ఆఫీసులో ఉండాది, చూడదులే."

ఎస్తేరు ఎత్తుకుంది. ఎత్తుకుని ఆల్బం తెరిచింది. గులాబిరంగు చీరలో ఒక ఆడమనిషి, కుట్టు మిషన్ల ముందు నిలబడి ఉంది. "ఇదో, అమ్మ," అంది ఎస్తేరు. మాట గొంతులోంచి సాఫీగానే వచ్చింది. మోహన ఆ ఫోటో మీద అరచెయ్యి పెట్టి, బల్ల మీది నీళ్ళు తుడిచినట్టు పక్కకు తుడిచి, పేజీ తిప్పేసింది.

బుధవారానికి నాలుగు కాళ్ళూ తోకా అయినాయి. పొట్ట మూసేముందు లోపల కూరాలి. గ్రేసీ పాత దిండొకటి విప్పి దూది తెచ్చిపెట్టింది. ఎస్తేరు పిడికెడు తీసుకుంది. కాసేపు నలిపింది. తిరిగి పెట్టేసింది.

మోహన హోముకు వచ్చింది కొత్త తువ్వాలులో. దానికి షాపు చీటీ కూడా తీయలేదు. పిల్లను చూసినప్పటికంటే ఆ చీటీని చూసినప్పుడు ఎస్తేరుకు ఎక్కువ దుఃఖం వచ్చింది. ఆమె ఎరిగిన ఏ ఇంట్లోనూ పసికందును కొత్తగుడ్డలో చుట్టరు. తల్లి కట్టి కట్టి మెత్తబడిన చీర చింపి అందులో చుడతారు. ఆ వాసనకే బిడ్డ ఊరుకుంటుంది. ఈ పిల్లకు ఏ చీరా రాలేదు. ఆ సాయంత్రమే ఎస్తేరు తన వాయిలు చీర చింపింది.

ఇప్పుడు బళ్ళారిలో మంచం కొత్తది, దుప్పటి కొత్తది, గౌన్లు కొత్తవి, మనుషులు కొత్తవాళ్ళు. తెలిసిన వాసన ఒక్కటైనా ఉండొద్దా? తాను వెంట పోయేది లేదు. ఫోన్ చేసేది లేదు. ఫోటోల్లో ఉండేది కూడా లేదు. చీర మాత్రం వెంట పోవచ్చు. గాడిద కడుపులో ఉంటే ఎవరికి కనపడుతుంది?

ఆమె తన గదిలోకి పోయి, రెండు రోజులుగా ఒంటిమీదున్న చీర మార్చుకుని, విడిచినదాన్ని చంకన పెట్టుకుని వచ్చింది. కత్తెర తీసింది.

"ఉతికి కూరక్కా," అంది గ్రేసీ.

"ఉతికితే ఇంకేముంటాది దాంట్లో?"

గ్రేసీకి అప్పుడు అర్థమైంది. ఇంకో కత్తెర తెచ్చుకుని కూచుంది. ఇద్దరూ కలిసి చీరను అంగుళం ముక్కలుగా కత్తిరించారు. ముక్కలు ముక్కలుగానే కూరితే బొమ్మ గడ్డలు కడుతుంది. అందుకని ఒక్కో ముక్కకూ పోగులు లాగి, దూదిలా విడదీసి, పెన్సిలు వెనక కొనతో కాళ్ళ చివర్ల దాకా తోశారు. కొంచెం కొంచెంగా కూరి, వేళ్ళతో నొక్కి ఆకారం చూసి, మళ్ళీ కూరాలి. మెడ దగ్గర బిగువుగా లేకపోతే తల వాలిపోతుంది. ఆఖరి వరసలు తగ్గించుకుంటూ వచ్చి, పద్దెనిమిది, పన్నెండు, ఆరు, పొట్ట మూసి, ముడి వేసి, కొనను లోపలికి దూర్చేసింది. తెల్ల మూతి, నల్ల కళ్ళు. ఒక చెవి కాస్త పక్కకు పడింది. ఎస్తేరు దాన్ని సరిచేయబోయి, నిజం గాడిదపిల్లకూ అలాగే పడుతుందని వదిలేసింది.

గురువారం పదిగంటలకు కారు వచ్చింది.

గుణశేఖర్ నలభై దాటిన మనిషి. చొక్కా చెమటకు వీపును అంటుకుని ఉంది. లోకేశ్వరి కట్టుకున్న చీరకు షాపు మడతల గీతలు ఇంకా పోలేదు. కదిలితే గరగరలాడుతోంది. ఆమె ఫోటోలో కంటే సన్నగా ఉంది. పరీక్ష రాయడానికి వచ్చినదానిలా చేతిసంచి రెండు చేతులతో పట్టుకుని కూచుంది. ఎస్తేరు మోహనను గ్రేసీకిచ్చి లోపలికి పంపి, తాను ఆఫీసు గది తలుపు వెనక నిలబడింది.

బొమ్మను పంకజాక్షే ఇచ్చింది. "మా సంస్థ తరఫున చిన్న కానుక," అంది. గుమాస్తా ఫోన్లో ఫోటో తీశాడు.

"కుందేలా మేడం?" అన్నాడు గుణశేఖర్.

"గాడిదపిల్ల," అంది పంకజాక్షి, ఇబ్బందిగా.

ఆయన బొమ్మ చెవి పట్టుకుని చూశాడు. "టెన్త్ పాసయ్యేదాకా మా నాయన నన్ను ఈ పేరుతోనే పిలిచినాడు మేడం. నాకొక తోడు దొరికింది."

లోకేశ్వరి నవ్వింది. అంతలోనే నవ్వకూడదేమో అన్నట్టు ఆపుకుంది. "ఇంత నున్నగా ఎవరు అల్లినారు?"

"మా స్టాఫే."

తలుపు వెనక స్టాఫ్ ఊపిరి బిగబట్టి నిలబడి ఉంది.

మోహన గ్రేసీ చంకలోంచి "గాదీ" అని రెండు చేతులూ చాచింది. బొమ్మను అందుకుని దాని పొట్టలో ముక్కు దూర్చింది. ఏడవలేదు. లోకేశ్వరి ఎత్తుకున్నా ఏడవలేదు. గదిలో అందరూ హమ్మయ్య అనుకున్నారు. తలుపు వెనక ఎస్తేరు కూడా అనుకుంది.

కాంపౌండు చివర అతిథుల గది ఉంది. పిల్లను అక్కడికి తీసుకుపోయారు. మధ్యాహ్నం పిల్లలు పడుకునే వేళకు ఎస్తేరు తడి దుప్పట్ల బుట్ట చంకన పెట్టుకుని ఆ వైపు పోయింది. పోకూడదని తెలుసు. దుప్పట్లు ఆరేసే తీగ ఆ వైపు కూడా ఉందని తనకు తాను చెప్పుకుంది.

కిటికీ రెక్క ఓరగా తెరిచి ఉంది. మోహన మంచం మీద బొమ్మను కరుచుకుని పడుకుంది. లోకేశ్వరి పక్కన కూచుని, తట్టాలా వద్దా అన్నట్టు, వీపుకు అంగుళం పైన చెయ్యి ఆడిస్తోంది. పిల్ల కళ్ళు మూతలు పడినాయి. ఒకసారి గట్టిగా వాసన పీల్చింది. కళ్ళు తెరిచింది. లేచి కూచుని గదంతా చూసింది. బొమ్మ చెవి పట్టుకుని మంచం దిగి, వాకిలి దాకా నడిచి, మూసిన తలుపుతో "అమ్మా" అంది.

లోకేశ్వరి వెళ్ళి మోకాళ్ళ మీద కూచుంది. "అమ్మ ఈడుండాది బంగారూ."

మోహన ఆమె ముఖం చూసింది. తర్వాత ఆమె వేళ్ళు చూసింది. జీన్సు గుడ్డ కత్తిరించే చేతులు. గోళ్ళ అంచుల్లో నీలిరంగు దిగి ఉంది. పిల్ల బొమ్మను వదిలేసి ఆ నీలం గోరు ఒకటి పట్టుకుని రుద్దింది. పోలేదు. ఇంకో గోరు పట్టుకుంది. లోకేశ్వరి ఊపిరి తీయడం కూడా మానేసి చెయ్యి అలాగే పెట్టింది. ఒకటి, రెండు, మూడు. పిల్ల నాలుగో గోటి దాకా వచ్చింది. ఆమె మోకాలి మీద ఆనుకుంది.

మూలన కుర్చీలో ఉన్న గుణశేఖర్ మంచి ఉద్దేశంతోనే లేచాడు. కింద పడిన బొమ్మను తీసి దుమ్ము దులిపి, "ఇదో నీ గాదీ," అని పిల్ల చేతికిచ్చాడు.

మోహన బొమ్మను ముక్కుకు ఆనించుకుంది. అంతే. చేతిలోని వేలు వదిలేసి, వెనక్కి తిరిగి, తలుపును రెండు అరచేతులతో బాదుతూ గొంతు పగిలేలా ఏడ్చింది.

దుప్పట్ల బుట్ట ఎస్తేరు నడుముకు ఒరుసుకుంటోంది. నీళ్ళు కారి చీర తడుస్తోంది. ఆమెకు తెలియలేదు. తాను కూరింది బిడ్డను ఊరుకోబెడుతుంది అనుకుంది. అది ఊరుకున్న బిడ్డను లేపి, వాకిలి దాకా నడిపించి, మనిషిని వెతికిస్తోంది. ఇక్కడైతే ఆ తలుపు అవతల తాను ఉంది. బళ్ళారిలో తలుపు తీస్తే ఎవరుంటారు?

సాయంత్రం పిల్లనూ బొమ్మనూ తిరిగి ఎస్తేరుకు అప్పగించారు. ఆఖరి రోజు దాకా పడుకునేది హోములోనే. లోకేశ్వరి అప్పగించేటప్పుడు ఎస్తేరు కళ్ళలోకి చూడలేదు. ఆమె కళ్ళు ఉబ్బి ఉన్నాయి. ఎస్తేరు భుజం మీద తల పెట్టిన రెండో నిమిషానికి మోహన నిద్రపోయింది.

శుక్రవారం పొద్దున ఏడు గంటలకు, పిల్లకు గ్రేసీ నీళ్ళు పోస్తుండగా, ఎస్తేరు గాడిదపిల్లనూ కత్తెరనూ క్రోషా సూదినీ ఒక సంచిలో వేసుకుని అతిథుల గది తలుపు తట్టింది. గుణశేఖర్ కాఫీకి బయటికి పోయినట్టుంది. లోకేశ్వరి ఒక్కతే ఉంది. మంచం మీద ఇంకో కొత్త చీర పరిచి ఉంది.

"నువ్వే కదక్కా దాన్ని పెంచింది," అంది లోకేశ్వరి. అడిగినట్టు లేదు.

"ఈ బొమ్మ అల్లింది కూడా నేనే తల్లీ. దీని కడుపులో నా చీర ఉండాది."

లోకేశ్వరి బొమ్మను తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది.  ఎస్తేరును ఇప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు చూసింది.

"నీ చీర ఒకటి ఇయ్యి," అంది ఎస్తేరు. "నాది తీసేసి నీది కూరతా."

"ఎందుకక్కా? దానికి ఇది అలవాటు కదా. ఉండనీ. నాకేం కోపం లేదు."

"నిన్న నువ్వే చూసినావు కదమ్మా. ముక్కుకు పెట్టుకుంటాది, లేస్తాది, వాకిలి కాడికి పోతాది. బళ్ళారిలో నేను యాడుంటా?"

లోకేశ్వరి బొమ్మను మంచం మీద పెట్టింది. పెట్టె తెరిచింది. పైనున్నవన్నీ కొత్తవే. "దాని ముందర ఏది కట్టుకోవాలో తెలీక మూడు కొన్నా," అని ఒక్కొక్కటీ పక్కకు పెట్టింది.

"ఇవి కాదు. నువ్వు కట్టి విడిచింది."

"దారిలో కట్టుకున్నది ఒకటుండాది, ఈడికొచ్చే ముందర మార్చినా. కటింగ్ హాల్లో కట్టుకునేదే. చెమట కంపు కొడతాదక్కా, ఉతకలే."

"అదే కావాల్సింది."

పెట్టె అడుగు నుంచి ఒక కవరు తీసింది. లోపల ఉండచుట్టిన నీలిరంగు నూలు చీర. మిషను నూనె, నీలిమందు, చెమట, కొబ్బరినూనె. అన్నీ కలిసిన ఒక మనిషి వాసన. ఎస్తేరు చూసి తల ఊపింది.

పొట్ట దగ్గర ముడి వెతికి పట్టుకుంది. కొన దొరికితే చాలు, లాగిన కొద్దీ వరసలు వాటంతటవే విడిపోతాయి. ఆరు, పన్నెండు, పద్దెనిమిది. మూడు మధ్యాహ్నాల పనిలో కొంత ఒక నిమిషంలో ఒళ్ళో కుప్పగా పడింది. ఆమె వేళ్ళు లోపలికి పెట్టి తన చీర బయటికి లాగింది. తలలోది, మెడలోది, కాళ్ళ చివర్లది. కాళ్ళలోది ఒక పట్టాన రాలేదు. పెన్సిలుతో తోసింది కదా, సూది కొక్కెంతో గీరి గీరి తీయాల్సి వచ్చింది. గాడిదపిల్ల ఖాళీ అయిపోయి, మంచం మీద మేజోడులా పడుకుంది.

లోకేశ్వరి కత్తెర అందుకుంది. ఆమె పని వేరేగా ఉంది. చీరను నాలుగు మడతలు వేసి, బొటనవేలితో గీత పెట్టి, కత్తెర ఎత్తకుండా అంచు నుంచి అంచుకు కోసింది. ఎస్తేరూ గ్రేసీ ఇద్దరూ కలిసి చేసినదానికి సగం సమయం కూడా పట్టలేదు.

"పోగులు ఎట్ల లాగాలో చూపియ్యి," అంది. ఎస్తేరు చూపించింది. ఇద్దరూ ఎదురెదురుగా కూచుని పోగులు లాగారు.

"రసం అన్నంలో పోసి ఇస్తే తినదు," అంది ఎస్తేరు. "పక్కన గిన్నెలో పెట్టియ్యి, అదే ముంచుకుంటాది."

"ఊ."

"తలంటితే అరుస్తాది. చెవిలో నీళ్ళు పోతాయని భయం. చెవి మూసి పట్టుకో."

"ఊ."

"పడుకునేటప్పుడు జాకెట్టు అంచు పట్టుకుంటాది. విడిపించొద్దు. అదే వదిలేస్తాది."

పోగులు లాగుతున్న లోకేశ్వరి చేతులు ఆగినాయి. "అక్కా, నీ చీర ముక్క ఒకటి లోపల పెడతా. కనపడకుండా. ఒక్కటి."

ఎస్తేరు చేతిలో ఒక చిన్న ముక్క ఉండనే ఉంది. ఆమె దాన్ని చాలాసేపు చూసింది. తలుపు దగ్గర అలికిడి అయింది. పంకజాక్షి నిలబడి ఉంది. ఎస్తేరు ఇక్కడెందుకు ఉందని అడగడానికే వచ్చినట్టుంది. మంచం మీద రెండు రంగుల పేలికల కుప్పలు, మధ్యలో డొల్లగా పడి ఉన్న గాడిదపిల్ల, ఇద్దరు ఆడవాళ్ళు. పంకజాక్షి కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంటూ వెనక్కి పోయింది.

"వద్దు తల్లీ," అంది ఎస్తేరు. ముక్కను తన కుప్పలో వేసింది. "ఒక్క ముక్కకైనా వెతుకుతాది అది."

కూరడం అయింది. ఎస్తేరు ఊలు సూదికి ఎక్కించి, మొదటి ముడి వేసి, రెండోది లోకేశ్వరి చేత వేయించింది. ఆఖరి వరసలు లోకేశ్వరే వేసింది. మిషను మీద వేగంగా పోయే చేతులు సూది దగ్గర తడబడినాయి. ఒక ముడి వదులు, ఒకటి బిగువు. ఒకచోట వేలు దూరేంత సందు పడింది. నీలిరంగు పోగొకటి అందులోంచి బయటికి వచ్చింది. మామూలుగా అయితే అలాంటి వరసను ఎస్తేరు చూసిన చోటే విప్పేస్తుంది. విప్పలేదు. కొన మాత్రం తానే ముడివేసి, లోపలికి దూర్చి, మిగిలిన ఊలు పళ్ళతో కొరికింది. తన పేలికలన్నీ ఏరి కొంగులో వేసుకుంది.

"ఇప్పుడే ఇయ్యొద్దు. కారెక్కినాక నువ్వే ఇయ్యి," అంది. వాకిలి దాటి, ఆగి, "మొదట విసిరేస్తాది. తీసి మళ్ళా ఇయ్యి," అంది.

పదిన్నరకు సంతకాలు అయిపోయినాయి. చెప్పినట్టే ఎస్తేరు వెనక బట్టల బండ దగ్గర ఉంది. పిల్లకు జడ వేసింది, గౌను తొడిగింది, గ్రేసీ చేతిలో పెట్టింది, వెనక్కి చూడకుండా వచ్చేసింది. ఇప్పుడు కుళాయి పూర్తిగా తిప్పి బకెట్టు కింద పెట్టింది. నీళ్ళ చప్పుడులో ఏమీ వినపడదులే అనుకుంది.

కారు తలుపు చప్పుడు వినపడింది. మోహన ఏడుపు వినపడింది. ఎస్తేరు కుళాయి కట్టేసింది. ఎందుకు కట్టేసిందో ఆమెకే తెలియదు.

ఏడుపు ముందు వాకిట్లోంచి కదిలి, గోడ వెంబడే గేటు దాకా పోయి, అక్కడ ఆగింది. బయట మామిడికాయల ట్రాక్టరు అడ్డం ఉన్నట్టుంది. హారను రెండుసార్లు మోగింది. ఏదో మెత్తటిది కారు అద్దానికి తగిలి పడిన చప్పుడు. పిల్ల విసిరేసింది. ఇంకాసేపు ఏడుపు. మళ్ళీ ఒకసారి అదే చప్పుడు. ఆ తర్వాత చప్పుడు లేదు. ఏడుపు సన్నగిల్లింది. ఎక్కిళ్ళుగా మారింది. ఎక్కిళ్ళ మధ్య, స్పష్టంగా,

"అమ్మా."

ఎస్తేరు నోరు దానంతటదే తెరుచుకుంది.

"ఆఁ, ఈడుండా బంగారూ," అంది కారులోంచి లోకేశ్వరి గొంతు.

ఎస్తేరు ఇంకో పిలుపు కోసం చూసింది. రాలేదు. ట్రాక్టరు తప్పుకుంది, కారు రోడ్డెక్కింది, గేటు మూసుకుంది. ఆమె తెరిచిన నోరు మూసుకుని కుళాయి తిప్పింది.